నడుము నొప్పికి ఛాయాచిత్రము: ఎవరికి, ఎప్పుడు?

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము పట్టణములు మూడును బెంగుళూరు–గుంతకల్లు రైలుమార్గము మీద వరుసగా నున్నవి. 2022 ఏప్రిల్ 4వ తేదీ వరకు ఇవి అనంతపురము జిల్లాలోనివి. ఆనాటినుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. ఈ ప్రాంతపు పల్లెలలో నడుము నొప్పి యెరుగని యిల్లు అరుదు. ధర్మవరములో నేతగాడు మగ్గపు గుంతలో కాళ్లు దించి, తెల్లవారినది మొదలు దీపములు పెట్టువరకు ముందునకు వంగి కూర్చుండును. హిందూపురము అంగళ్లలో హమాలీలు బెల్లము, చింతపండు బస్తాలు మోయుదురు. పెనుకొండ చుట్టునున్న మెట్టపొలములలో వేరుసెనగ కలుపు తీయు స్త్రీలు పొద్దంతయు నడుము వంచియే యుందురు. ఇంతమంది నడుములు నొచ్చుచుండగా, ఎవరిది విశ్రాంతితో తగ్గు సామాన్యమైన నొప్పి, ఎవరిది కాళ్లు పడిపోవుటకు ముందు వచ్చు సూచన అని గుర్తించుట యెట్లు?

కొన్నేండ్ల క్రిందట మేము ధర్మవరము చేరువనున్న యొక గ్రామములో, ఒకే వీథిలో రెండు ఇండ్లకు పోయితిమి. మొదటి యింటి నేతగానికి పదునైదు దినములుగా నడుము నొప్పి. కాళ్లలో బలమున్నది, జ్వరము లేదు, మలమూత్రములకు ఇబ్బంది లేదు. అయినను బంధువులు తొందరపడి, భార్య మెడలోని గొలుసు కుదువబెట్టి, పట్టణములో ఎం.ఆర్.ఐ. తీయించిరి. వచ్చిన కాగితములో డిస్క్ ఉబ్బినదని వ్రాసియుండుటచే, ఇక మగ్గము మీద కూర్చుండరాదు కాబోలునని యిల్లంతయు దిగులుపడియుండెను. నాలుగిండ్ల కవతల ఒక కూలి స్త్రీకి ఎనిమిది నెలలుగా వీపు నొప్పి. సాయంకాల మగుసరికి ఒళ్లు వెచ్చబడుచుండెను, మనిషి చిక్కిపోయెను, నడచుచుండగా కాలి చెప్పు జారిపోయినను ఆమెకు తెలియకుండెను. ఆమెకు నూనె మర్దనము చేయించిరి, వీపున వాతలు వేయించిరి గాని ఒక్క ఎక్స్‌రే అయినను తీయించలేదు. మొదటి యింటివారి అప్పునకు పూచీ నిలిచిన పంచాయతీ సభ్యుడే మాతో నడచుచు, "ఆ యమ్మ సంగతి నాకు తెలియనే తెలియదండీ" అనెను. ఆయనను తప్పుపట్టుటకు లేదు. ఏ నొప్పికి చిత్రము కావలెనో, దేనికి అక్కరలేదో ఆయనకు అంతవరకు ఎవరును చెప్పియుండలేదు.

వెన్నెముక ఒకే యెముక కాదు. మెడలో 7, ఛాతీ వెనుక 12, నడుములో 5 పూసలు ఒకదానిపై నొకటి పేర్చినట్లుండును. పూసకును పూసకును నడుమ మెత్తని బిళ్ల కలదు. దీనినే డిస్క్ అందురు. పూసల వెనుక నేర్పడిన గొట్టము గుండా వెన్నుపాము మెదడునుండి క్రిందికి దిగును. పెద్దవారిలో నిది నడుము మొదటి, రెండవ పూసల వద్దనే ముగియును. అచ్చటినుండి క్రిందికి పోవునవి మగ్గముపై పడుగు పోగులవంటి నరములు మాత్రమే. ఈ చిన్న సంగతి తెలియకపోవుటచే జరుగు నష్టము చాల యున్నది. కాళ్లు బిగుసుకొని తడబడుచున్నవని నడుమునకు మాత్రము స్కానింగు తీయింతురు. దోషము వీపులోనో మెడలోనో యుండును. "ఏమియు లేదు" అని కాగితము వచ్చును. రోగి ఇంటికి వచ్చి మరికొన్ని నెలలు పోగొట్టుకొనును. కావున ఏ భాగమునకు చిత్రము తీయవలెనో నిర్ణయింపవలసినది రోగిని నడిపించి, మోకాటిపై సుత్తితో తట్టి, అరికాలు గీసి చూచిన వైద్యుడే గాని, స్కానింగు కేంద్రపు బల్ల దగ్గర డబ్బు కట్టు బంధువు కాదు.

వెన్నుపామునకు నెత్తురు అందు విధము కూడ కొంత తెలిసియుండుట మేలు. దాని ముందువైపున పొడుగునా ఒకే ధమని పోవును. దారిలో కొన్ని చిన్న ధమనులు దానికి నెత్తురు కలుపుచుండును. వచ్చు నెత్తురు ఆగినను, తిరిగిపోవలసిన నెత్తురు సిరలలో నిలిచిపోయినను కాళ్లు చచ్చుబడును. ఈ సంగతికి మరల వత్తుము.

చిత్రములలో మొదటిది ఎక్స్‌రే. 1895 నవంబరు 8వ తేదీన జర్మనీలో రాంట్జెన్ పండితుడు ఈ కిరణములను కనిపెట్టెను. 1901లో భౌతికశాస్త్రమునకు ఇచ్చిన తొలి నోబెల్ బహుమతి ఆయనదే. ఎముకలోని కాల్షియము కిరణములను ఆపును, మాంసము అంతగా ఆపదు. అందుచేత ఎముక తెల్లగా కనబడును. విరిగిన పూస, జారిన పూస, వంకర తిరిగిన వెన్ను దీనిలో తెలియును. ఖర్చు తక్కువ, చిన్న ఆసుపత్రులలో కూడ దొరకును. కాని డిస్క్, నరము, వెన్నుపాము దీనిలో కనబడవు. క్షయ పూసను తొలుచుచున్నను, ఎముకలో దాదాపు మూడవ వంతు కరగువరకు ఎక్స్‌రే మామూలుగనే యుండవచ్చును. కాళ్లు తడబడువారి విషయమున "ఎక్స్‌రే బాగున్నది" అను మాటతో తృప్తిపడరాదు.

సి.టి. స్కాన్ కూడ ఎక్స్‌రే కిరణములతోనే పనిచేయును. యంత్రము శరీరము చుట్టును తిరిగి, ముల్లంగిని చక్రములుగా తరిగినట్లు అడ్డుకోతల చిత్రములు చూపును. హౌన్స్‌ఫీల్డు నిర్మించిన యంత్రముతో 1971లో ఇంగ్లండున మొదటి రోగికి దీనిని తీసిరి. దెబ్బ తగిలి నలిగిన యెముకకు ఇది మేలైనది. ఎం.ఆర్.ఐ. యంత్రములో ఆ కిరణములు లేవు. బలమైన అయస్కాంతము, రేడియో తరంగములు కలసి శరీరములోని నీటినుండి సంకేతములు రాబట్టి చిత్రము కట్టును. ఈ విద్యకు పునాది వేసిన లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డు 2003లో నోబెల్ బహుమతి పొందిరి. వెన్నుపాము, నరములు, డిస్కులు, ఎముకలో తొలిదశలోని క్షయ, చీము, కంతి, అన్నియు దీనిలో కనబడును.

ఇంత చక్కగా కనబడునది గదా, అందరికి తీయించిన నేమి యని అడుగవచ్చును. చిక్కంతయు అక్కడనే యున్నది. 1994లో అమెరికాలో నడుము నొప్పి లేని 98 మందికి ఎం.ఆర్.ఐ. తీసిచూచిరి. వారిలో సగముమందికి పైగా, నూటికి 52 మందికి, ఏదో యొక డిస్క్ ఉబ్బియే యున్నది. తల నెరసినట్లే డిస్క్ కూడ వయసుతో అరుగును. మగ్గము వద్ద ఇరువది సంవత్సరములు కూర్చున్నవాని డిస్క్ ఉబ్బియుండుట వింత కాదు. అదియే అతని నొప్పికి కారణమని చిత్రము ఒక్కటే చెప్పలేదు. ఏ అపాయ సూచనయు లేని నడుము నొప్పి చాలమందిలో ఆరు వారములలోపల తగ్గుముఖము పట్టును. మంచము పట్టక మెల్లగా తిరుగుట, తగిన మందు, వ్యాయామము, గంటకొకసారి గుంతలోనుండి లేచి నిలుచుట, అంతవరకు చాలును. మొదటి యింటి నేతగానికి రెండు నెలలలో నొప్పి తగ్గెను. గొలుసు విడిపించుటకు మాత్రము రెండేండ్లు పట్టెను.

ఆగరాని నొప్పులు వేరు. నడకలో తూలుట, కాళ్లు బిగియుట, చెప్పు జారినను తెలియకపోవుట. చేతులలో పట్టు తప్పుట. మంచముపై పడుకొన్నను తగ్గని నొప్పితో జ్వరమో, బరువు తగ్గుటయో కలసివచ్చుట. పూర్వము క్యాన్సరు వచ్చినవారికి క్రొత్తగా వెన్ను నొప్పి పుట్టుట. వీరిని ఆ వారములోనే వైద్యునికి చూపవలెను. మూత్రము బంధించినను, తెలియకుండ పోయినను, ఆసనము చుట్టును తొడల లోపలను స్పర్శ పోయినను వారము కూడ ఆగరాదు, ఆ దినమే కదలవలెను. నరముల మీది ఒత్తిడిని ఒకటి రెండు దినములలో తీసివేయకున్న ఆ లోపము జీవితాంతము నిలిచిపోవచ్చును. చింతకాయలు రాల్చుచు చెట్టుపైనుండి పడినవారి సంగతి మీకు క్రొత్త కాదు. పడినవానిని చంకలక్రింద చేతులువేసి లేపి కూర్చుండబెట్టుటయు, మోటారు సైకిలుపై ఇద్దరి నడుమ కూర్చుండబెట్టి తీసికొనిపోవుటయు మేము కన్నులార చూచితిమి. విరిగిన పూస ఆ కుదుపునకు కదలి వెన్నుపామును నలిపివేయును. తల, మెడ, నడుము ఒకే వరుసలో నుంచి, తలుపు చెక్కపై పరుండబెట్టి, 108 బండి వచ్చువరకు కదల్పకుండుట మేలు.

రెండవ యింటి స్త్రీకి ఎం.ఆర్.ఐ. తీయగా, వీపు నడుమ రెండు పూసలు క్షయతో తినివేయబడి, చీము వెన్నుపామును ఒత్తుచున్నట్లు తేలినది. వెన్నెముక క్షయ క్రొత్త వ్యాధి కాదు. ఇంగ్లీషు వైద్యుడు పాట్ 1779లోనే దీనిని వర్ణించెను. ఊపిరితిత్తుల క్షయవలె దగ్గు ఉండనక్కరలేదు గనుక దీనిని ఎవరును క్షయ యనుకొనరు. చిత్రము చూపు దారిలోనే సూది పంపి, చీము తీసి, పరీక్షించి క్షయయే యని నిర్ధారింతురు. మందులు సాధారణముగా సంవత్సరము, ఒక్కొక్కప్పుడు అంతకు మించి వాడవలెను. ప్రభుత్వము వీనిని ఉచితముగా నిచ్చుచున్నది. చికిత్స కాలములో పోషణకై నెలకు 500 రూపాయలిచ్చు ఏర్పాటు 2018లో మొదలై, 2024 నవంబరునుండి 1,000 రూపాయలైనది. ఆ సొమ్ము బ్యాంకు ఖాతాలో పడుచున్నదా యని చూచుట పంచాయతీ సభ్యునికి పెద్ద పని కాదు.

ఈ జిల్లాలో వెన్ను వంగుటకు మరియొక కారణము బోరుబావిలో నున్నది. ఈ నేల అధికభాగము నల్లసేనపు రాతి జాతి నేల; వానలు తక్కువ; లోతునకు పోయినకొలది నీరు చిరకాలము రాతిలో నిలిచి ఫ్లోరైడును కరిగించుకొనును. నాటి మద్రాసు రాజధానిలో, నెల్లూరు జిల్లా పల్లెలలో ఫ్లోరైడు వలన ఎముకలు చెడుటను గూర్చి షార్ట్ మొదలగు వైద్యులు 1937లో ప్రకటించిరి. 1955లో నల్లగొండ జిల్లా రోగులను గూర్చి సిద్దీఖీ వ్రాసెను. వెన్నుపామునకు ఈ వ్యాధి చేయు చేటును హైదరాబాదు శస్త్రవైద్యుడు డాక్టర్ డి. రాజారెడ్డి చిరకాలము పరిశోధించిరి. ఫ్లోరైడు ఎముకలో చేరి దానిని మందముగా, పెళుసుగా చేయును. పూసలను కట్టియుంచు నరపుకట్లు గట్టిపడి యెముకలగును. వెన్ను వెదురుబొంగువలె ఒకటైపోవును. గొట్టము ఇరుకై వెన్నుపాము నలుగును. ఎక్స్‌రేలో వెన్ను సున్నము కొట్టిన గోడవలె తెల్లగా కనబడును.

ఇక్కడ ఒక చిన్న ఉపాయము కలదు. ఖర్చు లేనిది. ముంజేతిలో రెండు ఎముకలున్నవి. వాని నడుమ పలుచని పొర కలదు. ఫ్లోరోసిస్ రోగిలో ఈ పొర ముండ్లవలె గట్టిపడి ఎక్స్‌రేలో స్పష్టముగా కనబడును. వ్యాధి వెన్నులో నున్నను, దాని సాక్ష్యము ముంజేతి చిత్రములో దొరకును. ఒకే బోరునీరు త్రాగు నలుగురైదుగురు పెద్దవారు మెడ త్రిప్పలేక, కూర్చున్నవారు లేవలేక యున్నారని తెలిసినపుడు వారికి ఈ పరీక్ష చేయింపుడని ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుని కోరవచ్చును.

తేలినపిమ్మట ఆ యెముకను పూర్వస్థితికి తెచ్చు మందు లేదు. ఇరుకైన గొట్టమును శస్త్రచికిత్సతో వెడల్పుచేయుట కొందరికి మేలుచేయును గాని, రాయివలె గట్టిపడిన యెముకపై అది సులభమైన పని కాదు. ఇక మిగిలినది నీరే. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించకుండుట మేలు. వేరు నీరు దొరకనిచోట 1.5 వరకు సహింపవచ్చునని మన దేశపు ప్రమాణము. కాచిన ఫ్లోరైడు పోదు, నీరు తగ్గినకొలది చిక్కబడును. ఇంటిలోని మామూలు వడపోత కుండ కూడ దానిని తీయలేదు. 1995లో శ్రీ సత్యసాయి మంచినీటి పథకము అనంతపురము జిల్లాలో ఏడు వందలకు పైగా గ్రామములకు నీరందించిన తరువాత ఎందరో పాత బోర్లను విడిచిరి. కాని గొట్టము పగిలిననాడు, మోటారు కాలిననాడు జనులు మరల ఆ బోరు వద్దకే పోదురు. ఊరిలోని ప్రతి బోరు మీదను దాని ఫ్లోరైడు అంకెను రంగుతో వ్రాయించినచో, మరమ్మతు వారములు సాగుచున్నపుడు ఏ బోరునకు పోరాదో పిల్లలకు కూడ తెలియును. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలు నీటిని పరీక్షించి ఆ అంకె నీయగలవు.

ఇక నెత్తుటి నాళముల సంగతి. నడచుచుండగా పిక్కలు పట్టివేసి నిలిచిపోవువారిని మీరు చూచియుందురు. దీనికి కారణములు రెండు, ఒకటి వెన్నులోనిది, రెండవది కాలి ధమనిలోనిది. ఊరకే నిలుచున్నంతనే రెండు మూడు నిమిషములలో నొప్పి తగ్గినచో ధమని పూడినదేమో యని అనుమానింపవలెను; బీడీ త్రాగువారికిని, మధుమేహము గలవారికిని ఇది తరచుగా వచ్చును. నిలుచున్నను తగ్గక, కూర్చున్నపుడో ముందునకు వంగినపుడో తగ్గినచో వెన్నుగొట్టము ఇరుకైనదని ఊహింపవచ్చును. సైకిలు తొక్కగలడు గాని నడువలేడు అనునది ఈ రెండవ రకము. ధమనికి తొలి పరీక్ష డాప్లర్. గర్భిణీ స్త్రీలకు చేయు స్కానింగు వంటిదే, ధ్వని తరంగములతో నెత్తురు పారుదలను చూపును. కిరణములు లేవు, సూది లేదు. పాదము చల్లబడి, వ్రేళ్లు నల్లబడుచున్నపుడు నడుమునకు ఎం.ఆర్.ఐ. తీయించుచు కూర్చున్నచో కాలు పోవును.

వెన్నులోనే నెత్తుటి నాళము దారి తప్పుట మరియొకటి. ఇది అరుదైనది, ఎక్కువగా నడివయసు దాటిన పురుషులకు వచ్చును. వెన్నుపామును కప్పిన పొరలో ఒక ధమని నేరుగా సిరలోనికి తెరచుకొనును. బుక్కపట్నము చెరువు క్రింది రైతులకు దీనిని వేరుగా వివరింపనక్కరలేదు. పొలము మురుగు పోవు కాలువలోనికి పెద్ద కాలువ గండిపడి పారినచో, మడిలోని నీరు బయటకు పోలేక ఊటపట్టి పైరు కుళ్లును. అట్లే సిరలలో ఒత్తిడి పెరిగి, వెన్నుపాము వాచి, కాళ్లు నెలల తరబడి మెల్లమెల్లగా బలహీనమగును, నడచినకొలది హెచ్చును, తరువాత మూత్రము చెడును. చాలమందిని డిస్క్ రోగులనుకొని సంవత్సరమునకు పైగా త్రిప్పుదురు. ఎం.ఆర్.ఐ.లో వాచిన వెన్నుపాము వెనుక నల్లని పాముపిల్లలవంటి మెలికలు కనబడుట దీని గుర్తు. పిమ్మట యాంజియోగ్రామ్ చేయుదురు. తొడ మొదట ధమనిలోనికి సన్నని గొట్టమును పంపి, రంగుమందు వదలి, ఏ పూస వద్ద గండి పడినదో చిత్రములు తీసి కనిపెట్టుదురు. కొన్నిటిని ఆ గొట్టము గుండానే జిగురు పంపి మూయవచ్చును, కొన్నిటికి శస్త్రచికిత్స కావలెను. గండి త్వరగా మూసిన కాళ్లు తిరిగి వచ్చు ఆశ యున్నది. రోగి పూర్తిగా పడిపోయిన తరువాత మూసినచో, ఉన్నది నిలుచుటయే గొప్ప.

ఎక్కడికి పంపవలెనను ప్రశ్నకు మొదటి సమాధానము మీ సమీపమున నున్న ప్రభుత్వ ఆసుపత్రి. అక్కడినుండి వ్రాసియిచ్చు చీటితో అనంతపురము ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి పోవచ్చును. వెన్నుపాము, మెదడు నరముల చికిత్సకు బెంగుళూరులో నిమ్‌హాన్స్ కలదు. వైట్‌ఫీల్డులో 2001లో నెలకొల్పిన శ్రీ సత్యసాయి ఆసుపత్రిలో ఆ శస్త్రచికిత్స ఉచితము. పుట్టపర్తిలో 1991లో వెలసిన ఆసుపత్రి గుండె మొదలగు చికిత్సలకు ప్రసిద్ధము. బయలుదేరుటకు ముందు కావలసిన విభాగము అక్కడ నున్నదో లేదో విచారించిన రెండు రైలు ప్రయాణములు తప్పును. 2007లో అనంతపురముతో సహా మూడు జిల్లాలలో మొదట ఆరంభమైన ఆరోగ్యశ్రీ, నేడు ఎన్.టి.ఆర్. వైద్య సేవ యను పేర సాగుచున్నది. ఆసుపత్రిలో రోగులకు సాయపడుటకు నియమించిన వైద్యమిత్రను ముందుగా కలిసికొనవలెను. అది చేతినుండి డబ్బు కట్టనక్కరలేని పథకము. బయట సొంత ఖర్చుతో తీయించుకొన్న స్కానింగు సొమ్మును తరువాత రాబట్టుట కష్టము.

ఎం.ఆర్.ఐ. గదిలోనికి ఇనుము పోరాదు. మొలతాడు బిళ్లలు, తాయెత్తులు, మెట్టెలు, జడపిన్నులు ఇంటివద్దనే తీసియుంచవలెను. గుండెకు యంత్రము అమర్చినవారును, రాళ్లు కొట్టునపుడు కంటిలో ఉలిరజను పడినవారును ముందే చెప్పవలెను. యంత్రము అరగంట సేపు పెద్దగా మ్రోగును. బల్ల మీద కదలక పడుకొనవలెను, నొప్పి యుండదు. గర్భవతులు ఏ చిత్రమునకు ముందైనను ఆ సంగతి చెప్పవలెను. రంగుమందు ఎక్కించు పరీక్షలకు ముందు మూత్రపిండముల రక్తపరీక్ష కావలెను.

చిత్రపు ఫిల్ములను చుట్టచుట్టి అటుక మీద పడవేయుట మన యిండ్లలో అలవాటు. వానిని వంచక, ఎండ తగులకుండ, తేదీ వ్రాసి దాచవలెను. పాత చిత్రమును క్రొత్తదాని ప్రక్కన పెట్టినపుడే వ్యాధి తగ్గినదో హెచ్చినదో వైద్యునికి తెలియును. ఆ కూలి స్త్రీ పది నెలల తరువాత చేతికర్రతో, రెండు కాళ్లకును చెప్పులతో, మా యెదుటకు నడచి వచ్చినది. తన ఫిల్ములు రెండింటిని, మొదటి యింటి నేతగాడిచ్చిన చీరల అట్టపెట్టెలో పెట్టి తెచ్చినది.